మూడు వేళ్ళకు వచ్చినంత

గురువారం మధ్యాహ్నం ఫాతిహా చదవడానికి పెట్టిన పళ్ళెంలోంచి పిల్లి వంజరం చేప ముక్క లాక్కుపోయేసరికి మీరావలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ వారంలో అది మూడో దొంగతనం. ఆదివారం ఎండుచేపలు పోయాయి. మంగళవారం ఎవరో ముసలాయన తాగుదామని పక్కన పెట్టుకున్న మజ్జిగ ముంత బోర్లా పడింది. ఇప్పుడు ఏకంగా ప్రార్థన పళ్ళెం, అదీ ఇరవై మంది కూర్చుని చూస్తుండగా.

ఇదంతా ఉప్పుటేరు ఒడ్డున సుభానీ బాబా అనే ఫకీరు ఉండే తకియాలో జరిగింది. రెండు తాటాకు పాకలు, ఒక పాత సమాధి, ఒక పెద్ద పొయ్యి, అంతే దాని ఆస్తి. దారిన పోయేవాళ్ళెవరైనా మధ్యాహ్నం పూట అక్కడ ఆగి కడుపు నింపుకుని పోవచ్చు. ఏ ఊరని గానీ, ఏ మతమని గానీ అడిగేవాళ్ళు లేరు. వండిపెట్టేది జాన్‌బీ. మిగతా పనులన్నీ మీరావలివి. అతను తొమ్మిదేళ్ళుగా బాబాకు శిష్యుడు.

శిష్యుడంటే అలాంటి ఇలాంటి శిష్యుడు కాదు. ఒకసారి బాబా చాపలు ఎండలో వెయ్యమన్నాడు. వేశాడు. గంట తిరక్కుండా వాన పట్టుకుంది. చాపలు తడిసి ముద్దవుతుంటే మీరావలి చూరు కింద నిలబడి చూశాడే గానీ తియ్యలేదు. ఇదేమిటయ్యా అంటే, తియ్యమని బాబా చెప్పలేదన్నాడు. ఆ రోజు అందరూ పడీ పడీ నవ్వారు. మీరావలి నవ్వలేదు. గురువు మాటను గీత దాటకుండా పాటించడం తన ఒక్కడికే చేతనవునని అతని గట్టి నమ్మకం. నవ్వేవాళ్ళను చూస్తే అతనికి జాలేసేది.

పిల్లి వచ్చి నాలుగు నెలలయింది. తల్లి లేకుండా పడవ అడుగున పడి అరుస్తుంటే ఒక పడవవాడు తెచ్చి బాబా ఒళ్ళో వదిలిపోయాడు. అరచేతిలో పట్టేంత ఉండేది. బాబా దాన్ని మీరావలికి అప్పగించాడు. రోజుకి ఎంత పెట్టాలని మీరావలి అడిగాడు. బాబా అన్నంలో చేప చిదిమి కలిపి, మూడు వేళ్ళకు వచ్చినంత తీసి చూపించి, పొద్దున ఇంత, సాయంత్రం ఇంత అన్నాడు. మీరావలి వెంటనే ఒడ్డుకు పోయి, ఆ ముద్ద సరిగ్గా పట్టే ఆల్చిప్ప ఒకటి ఏరుకొచ్చాడు.

ఆ తర్వాత పది రోజులకే బాబా ఊళ్ళు తిరగడానికి బయల్దేరి వెళ్ళాడు. మళ్ళీ తిరిగొచ్చింది ఈ బుధవారమే. ఆయన లేని ఈ మూడు నెలల పైచిలుకులో ఆ చిప్ప కొలతకు ఒక్క మెతుకు ఎక్కువ పడలేదు, ఒక్క మెతుకు తక్కువ పడలేదు.

ఎక్కువ పడకపోతేనేం, పిల్లి పెరగడం మానలేదు. నెల తిరిగేసరికి కాళ్ళు సాగాయి, అరుపు పెద్దదయింది. అన్నం తినేసి, చిప్ప నాకేసి, నేల నాకి, మీరావలి కాళ్ళ చుట్టూ తిరుగుతూ అరిచేది. ఇంకాస్త పెట్టమని జాన్‌బీ చెప్పి చూసింది. ఎదిగే దానికి రోజూ ఒకటే కొలత ఏమిటని నిలదీసింది. బాబా చెప్పిన మాట మీద నీ పెత్తనం ఏమిటని అతను ఆమె మీద విరుచుకుపడ్డాడు. ఆమె చాటుగా చేప తలకాయలు వేస్తోందని తెలిసి, ఆమె చేపలు తోమినంతసేపూ పక్కనే కాపలా కూర్చున్నాడు. నాలుగు రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. పిల్లికి పాలు పోసిన ఒక యాత్రికురాలిని కసిరి కన్నీళ్ళు పెట్టించాడు. దొంగతనాలు మొదలయ్యాక ఆ కోపమంతా పిల్లి మీదకు మళ్ళింది. తను ఇంత నిష్ఠగా చూసుకుంటుంటే ఆ బుద్ధిలేని జంతువు నలుగురిలో తన పరువు తీస్తోందని రగిలిపోయాడు.

ఆ గురువారం కట్టెల గుట్ట వెనక దాన్ని దొరకబుచ్చుకున్నాడు. ముక్క ఇంకా నోట్లోనే ఉంది. మెడ పట్టుకుని ఎత్తి, గోనెసంచిలో కుక్కి, మూతి బిగించి కట్టాడు. ఏరు దాటించి అవతలి మడ అడవిలో వదిలేస్తానన్నాడు. అక్కడ నక్కలు తిరుగుతాయని జాన్‌బీ అడ్డం పడింది. తిరిగితే తిరగనీ అన్నాడు. ఆమె దారికి అడ్డంగా నిలబడి, పోయేవాడివి బాబాకి చెప్పి పో అంది.

చెప్పడానికి తనకేం భయమని సంచి చేత పట్టుకుని విసవిసా నడిచాడు. బాబా పాక ముందు కూర్చుని కొబ్బరి పీచు తాడు పేనుతున్నాడు. మీరావలి సంచి ఆయన ముందు పెట్టి మూడు దొంగతనాలూ ఏకరువు పెట్టాడు. ఇది ఉంటే ఈ తకియాలో తను ఉండనని, తొమ్మిదేళ్ళ శిష్యుడు కావాలో ఈ దొంగముండ కావాలో ఇప్పుడే తేల్చమని అన్నాడు.

బాబా తాడు పేనుతూనే అడిగాడు. "రోజూ ఎంత పెడుతున్నావురా దీనికి?"

"మీరు చెప్పినంతే." మీరావలి నడుముకి కట్టిన గుడ్డలోంచి ఆల్చిప్ప తీసి చూపించాడు. "నాలుగు నెలల్లో ఒక్క పూట తప్పలేదు, ఒక్క పూట పెంచలేదు. మీరు ఊళ్ళో లేకపోయినా మీ మాట జవదాటలేదు. కావాలంటే జాన్‌బీ అక్కని అడగండి."

ఇన్నాళ్ళకి బాబా నోటి వెంట ఒక మెప్పు మాట వస్తుందని ఎదురుచూశాడు.

బాబా చేతులు ఆగిపోయాయి. ఆయన ఆ చిప్ప వైపే చూస్తూ ఉండిపోయాడు. చూస్తుండగానే మొహం జేవురించింది. తొమ్మిదేళ్ళలో ఆయనకు కోపం రావడం మీరావలి ఎరగడు. ఆయన పేనుతున్న తాడు పక్కకు విసిరికొట్టి, సంచి ముడి విప్పి, మీరావలిని కింద కూర్చోబెట్టి, పిల్లిని తీసి అతని ఒళ్ళో పెట్టాడు. అతని చెయ్యి పట్టుకుని దాని డొక్క మీద నొక్కి ఉంచాడు.

"లెక్కపెట్టు," అన్నాడు.

ఏం లెక్కపెట్టాలో మీరావలికి ముందు అర్థం కాలేదు. తర్వాత వేళ్ళకు తెలిసింది. బొచ్చు పైపైనే ఉంది. దాని కింద కండ లేదు, అన్నీ ఎముకలే.

"పైకి లెక్కపెట్టు. అక్కడ కూర్చున్నవాళ్ళందరికీ వినపడాలి."

ఒకటి అన్నాడు మీరావలి. రెండు, మూడు అన్నాడు. బంతిలో ఉన్నవాళ్ళు తినడం ఆపి ఇటే చూస్తున్నారు. ఆరు దగ్గర అతని గొంతు తగ్గింది. తొమ్మిది దగ్గర ఆపేశాడు. సంచిలోంచి బయటపడ్డ పిల్లి పారిపోవాలని కూడా చూడలేదు. అతని ఒళ్ళో పడుకుని ఆయాసపడుతోంది.

"ఇంకా ఉన్నాయి," అన్నాడు బాబా. "రెండో వైపు కూడా ఉన్నాయి."

మీరావలికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ సిగ్గే మరుక్షణం కోపమై పైకి తన్నింది.

"మీరే కదా చెప్పింది," అని అరిచాడు. "మూడు వేళ్ళకు వచ్చినంత అన్నది మీరు కాదా? పెంచమని మీరు ఎప్పుడైనా చెప్పారా? చెప్పింది చెప్పినట్టు చెయ్యడం నా తప్పా?"

జాన్‌బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తకియాలో బాబా మీద గొంతెత్తినవాడు అంతకు ముందు ఎవడూ లేడు.

బాబా అరవలేదు గానీ ఆయన మాటలో కోపం ఏమీ తగ్గలేదు. "నేను చెప్పింది అరచేతిలో పట్టే పిల్లికి," అన్నాడు. "అది ఎప్పుడో వెళ్ళిపోయింది. నువ్వు ఇంకా దానికే పెడుతున్నావు."

మీరావలి తల దించుకున్నాడు. నెమ్మదిగా అడిగాడు. "అయితే ఇప్పుడు ఎంత పెట్టమంటారు బాబా? రెండు చిప్పలా, మూడా?"

బాబా మోకాళ్ళ మీద చేతులు ఆనించి పైకి లేచాడు.

"నన్నడుగుతావేంరా? దాన్నడుగు."

అని, వెనక్కి చూడకుండా ఏటి గట్టు మీదుగా నడిచి వెళ్ళిపోయాడు.

 జాన్‌బీ గిన్నెలో మిగిలిన చేపకు ముళ్ళు తీసి, ముక్కలు తెచ్చి అతని ముందు పెట్టింది. మీరావలి ఒక ముక్క కింద పెట్టాడు. పిల్లి దాని మీద పడి గుర్రుమంటూ తినడం మొదలుపెట్టింది. రెండో ముక్క పెట్టబోతే, లాక్కోవడానికే వచ్చాడనుకుని అతని వేలు గట్టిగా కొరికింది. నెత్తురు వచ్చింది. పొద్దున్నయితే దాన్ని గోడకేసి కొట్టేవాడే. ఇప్పుడు మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వేలు నోట్లో ఉండగానే రెండో చేత్తో ముక్క కింద పెట్టాడు.

"ఒక్కసారే పెట్టబాకయ్యా, కక్కుద్ది," అంది జాన్‌బీ. "కాసేపాగి మళ్ళీ పెట్టు."

పొద్దు గూకేలోగా చేప కలిపిన అన్నం నాలుగుసార్లు పెట్టాడు. పెట్టినప్పుడల్లా గొంతుక్కూర్చుని అది తినడమే చూశాడు. నాలుగోసారి పిల్లి కాస్త అన్నం వదిలేసి, పక్కకు జరిగి, మూతి తుడుచుకోవడం మొదలుపెట్టింది. అది అన్నం వదిలెయ్యడం నాలుగు నెలల్లో అతను ఒక్కసారీ చూడలేదు. ఆ మిగిలిన మెతుకుల్ని చూస్తుంటే అతనికి ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున జాన్‌బీ అన్నం కుండ ముందు గరిటె పట్టుకుని, పిల్లికి ఎంత తియ్యమంటావని అడిగింది.

"తెలీదక్కా," అన్నాడు మీరావలి. "ఇవాళ దాన్నింకా చూడలేదు."

అని పిల్లిని వెతుక్కుంటూ వెళ్ళాడు.