తొక్కిన స్విచ్చికి మొక్కు

బూరుగువలసలో తెలివిగలవాళ్ళెవరయ్యా అంటే ఊళ్ళో ఎవరూ నోరు విప్పరు గాని, రంపం షెడ్డు జోగారావు మాత్రం అడక్కుండానే చెబుతాడు. "మొదట నేను. తర్వాత మా తవిటయ్య. ఆ తర్వాత మా సన్యాసి. నాలుగోవాడి కోసం వెతుకుతున్నాం" అంటాడు. షెడ్డు మీద 'మూడు బుర్రల ఫర్నిచర్' అని బోర్డు కూడా రాయించాడు. ఆ మూడు బుర్రల్లో కలిపి గరిటెడు గుజ్జు ఉందా అంటే, ఒట్టేసి చెప్పడం కష్టం.

ముగ్గురూ అన్నదమ్ములు. ఇంట్లో మనిషనదగ్గది మాత్రం ఒక్కతే, జోగారావు పెళ్ళాం బంగారమ్మ. వండేది ఆవిడ, వడ్డించేది ఆవిడ, ఈ ముగ్గురు చేసిన ఘనకార్యాలు ఊడ్చేదీ ఆవిడే.

షెడ్డులో ఒక రంపం మిషను, దాని పక్కన పొట్టు లాగే మిషను ఉన్నాయి. రంపం చెక్క కోస్తుంటే లేచే పొట్టుని రెండోది గొట్టంతో పీల్చి సంచిలో నింపాలి. రంపమేమో షెడ్డు మధ్యన, రెండింటి స్విచ్చులేమో మూలగోడకి. నడుమ పన్నెండు అడుగులు. రంపం తిరగాలంటే ఆ పన్నెండు అడుగులూ నడవక తప్పదు కాబట్టి ఏడుస్తూ నడిచేవాళ్ళు. పొట్టు మిషను జోలికి మాత్రం పోయేవాళ్ళు కాదు.

"అక్కడిదాకా వెళ్ళినవాడివి దాని స్విచ్చి కూడా వెయ్యొచ్చు గదయ్యా?" అనేది బంగారమ్మ.

"వెయ్యొచ్చు. వేస్తే మళ్ళీ ఆపాలి గదా!" అనేవాడు జోగారావు.

"రంపం ఆపినప్పుడే దాన్నీ ఆపు!"

"ఒకేసారి రెండు పనులు చెబితే చెయ్యి కంగారు పడిపోద్దే."

ఇంకేముంది, పొట్టంతా పెంకుల సందుల్లోంచి గోడ అవతలున్న వంటింట్లో దిగేది. చారులో పొట్టు, పప్పులో పొట్టు. బంగారమ్మ దగ్గీ దగ్గీ డొక్కలు ఎగరేసేది. ఓ సోమవారం మధ్యాహ్నం ఆవిడ గరిటె కింద పడేసింది.

"గురువారం మా తమ్ముడు ఆటో వేసుకొస్తాడు. ఆలోగా నా వంటింట్లోకి పొట్టు రావడం ఆగిందా, ఉంటాను. ఆగలేదా, ఆటో ఎక్కుతాను. ఎక్కానంటే మరి దిగను!"

"దిగకపోతే ఎలా వదినా? స్నానం అదీ ఆటోలోనే చేస్తావా?" అన్నాడు సన్యాసి, నిజంగా బెంగపడి.

జోగారావు మాత్రం హడలిపోయాడు. మనిషి మొద్దే గాని పెళ్ళామంటే ప్రాణం. పద్దెనిమిదేళ్ళలో ఆవిడ ఒక్కపూట పక్కూరెళ్ళినా వాడికి ముద్ద దిగేది కాదు. "ఏటి చెయ్యమంటావో చెప్పు బంగారమ్మా, ఇప్పుడే చేసేస్తాం" అన్నాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని.

"ఆ స్విచ్చులూ రంపమూ ఒక్కచోట ఉండేలా చూడండి. చేతికందితే వేస్తారు గదా!"

అంతే. బుద్ధున్నవాళ్ళయితే స్విచ్చుల్ని రంపం దగ్గరికి తెచ్చేవాళ్ళు. వీళ్ళు రంపాన్ని స్విచ్చుల దగ్గరికి మోశారు. పొద్దుగూకేదాకా ఈడ్చి, తవిటయ్య బొటనవేలు చితక్కొట్టి, మిషనుని గోడకి ఆనించారు. చెయ్యి చాపితే స్విచ్చి! ముగ్గురూ మీసాలు దువ్వుకున్నారు. అప్పుడు ఎనిమిదడుగుల చెక్క పలక పెట్టి తోశారు. రెండడుగులు తెగిందో లేదో, పలక వెళ్ళి గోడకి గుద్దుకుంది.

"గోడ అడ్డొచ్చింది అన్నా" అన్నాడు తవిటయ్య.

"మన గోడే మనకి అడ్డమా! ఎంత పొగరు!" అన్నాడు సన్యాసి.

ఇంకేముంది, గడ్డపార తెచ్చి గోడకి కన్నం పెట్టారు. పలక కన్నంలోంచి వంటింట్లోకి దూరి, పొయ్యి మీది చారుగిన్నెను తన్నేసింది. దాని వెనకాలే బుట్టెడు పొట్టు, పిలిచిన పేరంటానికి వచ్చినట్టు వచ్చి కూర్చుంది. బంగారమ్మ వెళ్ళి, క్యాలెండరులో గురువారం చుట్టూ బొగ్గుతో సున్నా చుట్టింది.

మంగళవారం పొద్దున్నే ఆవిడే కరెంటు మేస్త్రి లోకనాథాన్ని పిలిపించింది. అతను లోపలికొచ్చి గోడకున్న కన్నం చూసి, ముగ్గురి మొహాలూ చూసి, రంపాన్ని మళ్ళీ మధ్యకి లాగించాడు. కన్నానికి ఒక చెక్క కొట్టించాడు. పొట్టు మిషనుకి రిమోటు బిగించి, అగ్గిపెట్టంత ఉన్న ఆ రిమోటుని జోగారావు చేతిలో పెట్టాడు.

"ఇక్కణ్ణించే నొక్కితే మిషను తిరుగుద్ది, మళ్ళీ నొక్కితే ఆగుద్ది. భద్రం. పోగొట్టుకున్నారంటే ఇంకోటి దొరకదు."

భద్రమంటే ఏమిటి? బీరువా! ఇంట్లో పట్టుబట్టల కింద రిమోటు పెట్టి తాళం వేశారు. తాళంచెవి బంగారమ్మ బొడ్లో. ఇక పలక కొయ్యాలంటే చూడాలి సంబరం! తవిటయ్య ఇంట్లోకి పరిగెత్తి, వదినని అడిగి, బీరువా తీసి, రిమోటు తెచ్చి, నొక్కి, మళ్ళీ తీసుకెళ్ళి దాచి, తాళం వేసి, చెవి ఇచ్చి తిరిగి వచ్చేసరికి ఇక్కడ పలక కోత అయిపోయేది. అప్పుడు ఆపడానికి సన్యాసి బయల్దేరేవాడు. పన్నెండు అడుగులు కాస్తా నూట ముప్ఫై అయ్యాయి.

"నడక ఎక్కువైంది గాని, వస్తువు చూడు ఎంత భద్రంగా ఉందో!" అన్నాడు జోగారావు, కాళ్ళు పిసుక్కుంటూ. మూడో పలక నుంచి ఎవరూ లేవలేదు. రిమోటు బీరువాలోనే ఉంది, పొట్టు చారులోనే ఉంది.

బుధవారం లోకనాథం పళ్ళు నూరుకుంటూ మళ్ళీ వచ్చాడు. ఈసారి రంపం కింద నేల మీద పీటలాంటి ఒక ఇనప స్విచ్చి పెట్టాడు.

"ఇది కాలితో తొక్కేది. ఒక తొక్కు తొక్కితే రంపం తిరుగుద్ది. రంపం తిరిగితే పొట్టు మిషను దానంతటదే తిరుగుద్ది. ఇంకో తొక్కుకి తిరిగేది ఆగుద్ది. నడవక్కర్లేదు, దాచక్కర్లేదు. తొక్కడం ఒక్కటే పని. తొక్కగలరా?"

"మేస్త్రీ, నడక నేర్చిన కాణ్ణుంచీ తొక్కుతూనే ఉన్నాం" అన్నాడు జోగారావు ఠీవిగా.

తొక్కాడు. రంపం గిర్రుమంది. పొట్టు మిషను బుస్సుమంది. పలక అందుకోబోయి, జోగారావు ఉలిక్కిపడ్డాడు. పనిముట్టుకి కాలు తగిలింది! పనిముట్టుకి కాలు తగిలితే చేత్తో తాకి కళ్ళకద్దుకోవాలని వాళ్ళ నాన్న చెప్పాడు. ఆయన చెప్పిన వంద మాటల్లో వాడి బుర్రకెక్కింది అదొక్కటే. వాడి మొక్కంటే ఉత్తుత్తి మొక్కు కాదు. వంగి, అరచెయ్యి పూర్తిగా ఆనించి, ఒంటి బరువంతా వేసి మొక్కాడు.

రంపం ఆగిపోయింది.

"అదేటి!" అని మళ్ళీ తొక్కాడు. గిర్రుమంది. కాలు తగిలింది కదా, మళ్ళీ మొక్కాడు. ఆగింది. తొక్కాడు, మొక్కాడు, తొక్కాడు, మొక్కాడు. పన్నెండు మొక్కులయ్యేసరికి నడుం పట్టేసింది గాని పలక మీద ఎలుక కొరికినంత గాటే పడింది.

"మొక్కడం మానెయ్యవయ్యా!" అని అరిచాడు లోకనాథం.

"మానేస్తే కళ్ళు పోవూ!" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

చివరికి తవిటయ్య బుర్ర మెరిసింది. "అన్నా, ఒక మొక్కుకి ఆగితే, ఇంకో మొక్కు మొక్కు!" మొక్కాడు. రంపం తిరిగింది! ఒక తొక్కు, రెండు మొక్కులు. ఇదీ లెక్క. లోకనాథం సంచీ సర్దుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఏమైతేనేం, ఆ సాయంత్రం చారులో పొట్టు పడలేదు. బంగారమ్మ గరిటెతో తీసి, దీపం దగ్గర పెట్టి చూసి, తాగి, ఏడాది తర్వాత మొదటిసారి నవ్వింది. జోగారావుకి ప్రాణం లేచొచ్చింది.

"అయితే ఆటో ఎక్కవు గదా?"

"ఇంకొక్కటుంది. రేపు నేను సంతకెళ్ళొస్తాను. ఆ గొట్టాన్ని వంటింట్లోకి లాగి, అటకల మీదా మూలల్లోనూ పేరుకున్న పాత పొట్టంతా పీల్చెయ్యండి. నేనొచ్చేసరికి వంటింట్లో ఒక్క రవ్వ పొట్టు ఉండకూడదు. రవ్వ కూడా లేదనుకో, ఆటోని ఉత్తదే పంపేస్తాను."

గురువారం ఆవిడ అలా వెళ్ళగానే కన్నానికి కొట్టిన చెక్క పీకి, గొట్టాన్ని వంటింట్లోకి దూర్చారు. సన్యాసి అటు నిలబడి గొట్టం పట్టుకున్నాడు. పొట్టు మిషను తిరగాలంటే రంపం తిరగాలి. రంపం తిరగాలంటే?

"ఉత్తదే తిప్పితే?" అన్నాడు తవిటయ్య.

"చెక్క లేకుండా రంపం తిప్పేవాణ్ణి పిచ్చోడంటారు" అన్నాడు జోగారావు. తొక్కి, రెండు మొక్కులు మొక్కి, పలక పెట్టి కోశాడు. గొట్టం అవతలుంది కదా, ఇక్కడి పొట్టంతా కన్నంలోంచి దర్జాగా వంటింట్లోకి పోయింది.

"తగ్గిందేటిరా?" అని కేకేశాడు.

"ఇంకా వస్తోందన్నా! ఎంత పాత పొట్టో! ఇంకా కొయ్యి!" అన్నాడు సన్యాసి దగ్గుతూ.

కోశాడు. కోసినకొద్దీ పొట్టు, పొట్టు లాగడానికి మళ్ళీ కోత. షెడ్డులో పలకలన్నీ అయిపోయాయి. కన్నానికి కొట్టిన చెక్క కోశారు. పీటలు కోశారు, కవ్వం కోశారు, చెక్క అలమర కోశారు. "ఇంకా ఉందన్నా!" వంటింటి తలుపు కోశారు, గుమ్మం కోశారు. ఇంకేముంది, పెంకులు దించి పైనున్న వాసాలు కూడా ఒక్కొక్కటే పీకి కోసేశారు. ఆఖరి వాసం పోగానే పైనుంచి గాలి విసురుగా దిగి, ఉన్న పొట్టునంతా ఎత్తుకెళ్ళి పొరుగువాళ్ళ పెరట్లో పోసింది.

"ఒక్క రవ్వ లేదన్నా!" అని సన్యాసి గంతులేశాడు. జోగారావు ఆనందం పట్టలేక తమ్ముళ్ళిద్దర్నీ కావలించుకున్నాడు.

అప్పుడే, సంత దగ్గర అక్కని ఎక్కించుకున్న తమ్ముడి ఆటో వచ్చి ఆగింది. బంగారమ్మ కూరల సంచీతో దిగి వంటింటి వైపు చూసింది. తలుపు ఉండాల్సినచోట తలుపు లేదు. కప్పు ఉండాల్సినచోట ఆకాశం ఉంది. పొయ్యి మీద కాకి వాలింది.

"చూశావా, నువ్వు చెప్పినట్టే! ఒక్క రవ్వయినా ఉందేమో వెతుక్కో!" అన్నాడు జోగారావు, పళ్ళికిలిస్తూ.

ఆవిడ వెతకలేదు. కూరల సంచీతోనే వెనక్కి వెళ్ళి ఆటో ఎక్కింది. ఆటో కదిలింది.

జోగారావు బావురుమన్నాడు. "తొక్కన్నా!" అన్నాడు తవిటయ్య. "తొక్కితే తిరిగేది ఆగుద్దన్నాడు గదా మేస్త్రి! చక్రాలు తిరుగుతున్నాయి గదా!" అంతే. ముగ్గురూ స్విచ్చిని వైరుతో సహా పెరికి తెచ్చి రోడ్డు మీద పెట్టారు. జోగారావు వలవలా ఏడుస్తూ, ఉన్న బలమంతా పెట్టి తొక్కాడు.

ఆటో ఆగింది!

అవును మరి. బంగారమ్మ వెనక్కి తిరిగి చూసింది. నడిరోడ్డు మీద మొగుడు చిన్నపిల్లాడిలా కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ ఏడుస్తున్నాడు. పద్దెనిమిదేళ్ళ కాపురం. మనసు కరిగి, "ఒక్క నిమిషం ఆపరా" అంది తమ్ముడితో. వచ్చి ఒక్కసారి పిలిస్తే దిగిపోదామని ఒక కాలు కింద కూడా పెట్టింది.

కాని స్విచ్చికి కాలు తగిలింది కదా! జోగారావు ఆవిడ వైపు రాలేదు. వంగి, అరచెయ్యి ఆనించి, ఒంటి బరువంతా వేసి స్విచ్చికి భక్తిగా మొక్కి కళ్ళకద్దుకున్నాడు.

ఆవిడ కాలు లోపలికి తీసుకుంది. "పోనీరా" అంది. ఆటో కదిలిపోయింది.

"అయ్యో, మొక్కేశాను! మళ్ళీ తిరిగిపోయింది!" అని నెత్తి కొట్టుకున్నాడు జోగారావు.

"ఏం పర్వాలేదన్నా, రెండో మొక్కు మొక్కు, ఆగుద్ది" అన్నాడు సన్యాసి. మొక్కాడు. ముగ్గురూ తలెత్తి చూసేసరికి ఆటో మలుపు తిరిగిపోయింది.

"ఆగే ఉంటుంది. మలుపు అవతల గదా, మనకి కనపడదంతే" అని తేల్చాడు తవిటయ్య. జోగారావు కళ్ళు తుడుచుకున్నాడు. ముగ్గురూ స్విచ్చి చుట్టూ రోడ్డు మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు, ఆగిన ఆటోలోంచి ఆవిడ ఎప్పుడు దిగి వస్తుందా అని.

అటుగా వచ్చిన లోకనాథం సంగతంతా విని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఒరే మూర్ఖుల్లారా, ఆ మలుపు దాకా నడిచి వెళ్ళి చూడొచ్చు గదరా!"

జోగారావు అతని వైపు జాలిగా చూశాడు.

"అంత దూరం నడిచే బాధ ఉండకూడదనే గదా మేస్త్రీ, ఈ స్విచ్చి పెట్టించుకుంది!"