భద్రావతమ్మ దాచుకున్న నడక

మంగళగిరిలో మా మగ్గాల వీధిలో భద్రావతమ్మ అని ఒకావిడ ఉండేది. తనంత నడిచిన ఆడమనిషి జిల్లా మొత్తంలో లేదని ఆమెకు మహా గర్వం.

ఆ గర్వం ఊరికే రాలేదు. ఆ రోజుల్లో మగ్గానికెక్కించే నిలువు దారాల పడుగు ఇంట్లో పట్టేది కాదు. వీధి పొడవునా పుల్లలు పాతి, వాటి మధ్య దారం పోస్తూ ఆడవాళ్లు పొద్దున్నుంచి అటూ ఇటూ నడిచేవారు. భద్రావతమ్మ, ఆమె తోడికోడలు తులశమ్మ కలిసే నడిచేవాళ్లు. గంజి వాసన, వాళ్ల కబుర్లు, అడ్డం వచ్చిన మాలాంటి పిల్లలకు చీవాట్లు. ఆ పొద్దులు తలుచుకుంటే నాకిప్పటికీ బెంగగానే ఉంటుంది.

తరవాత తయారు పడుగులు వచ్చాయి. వీధిలో పుల్లలు పోయాయి. అప్పటికి భద్రావతమ్మకు యాభై దాటింది, ముట్లు కూడా ఆగిపోయాయి. ఆమె అరుగెక్కి కూర్చుంది, ఇక దిగలేదు. పదేళ్లు చిన్నదైన తులశమ్మ మాత్రం రోజూ పొద్దున్నే చెప్పులేసుకుని ఊరి చివరి దాకా నడిచి వచ్చేది. అక్కనూ రమ్మని పిలిచేది.

"ముప్పయ్యేళ్లు నడిచిందంతా నా ఒంట్లోనే ఉందే. నెల బాధ కూడా వదిలింది. ఇంక కూర్చుని తింటా" అనేది భద్రావతమ్మ.

నాలుగేళ్లు గడిచాయి. మెట్లెక్కితే ఆమెకు ఛాతీ పట్టేసేది. గ్యాసేలే అనుకుని వాము నమిలేది. ఎవరికీ చెప్పలేదు. అంత నడిచిన మనిషికి ఆయాసమంటే నవ్వుతారని ఆమె భయం.

ఒకరోజు బడిలో ఆడవాళ్లకు వైద్య శిబిరం పెట్టారు. డాక్టరమ్మ అందరినీ వరండాలో ఆరు నిమిషాలు నడవమంది. భద్రావతమ్మ కొంగు దోపి అందరికంటే ముందు బయల్దేరింది. మూడోసారి తిరిగేసరికి గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఒళ్లంతా చెమట. తులశమ్మ పరుగున వచ్చి పట్టుకుంది.

అప్పటికప్పుడు గుంటూరు తీసుకెళ్లారు. గుండెకు వెళ్లే రక్తనాళం ఒకటి సగానికి పైగా పూడిపోయిందని తేలింది. ఇంకొన్నాళ్లు వాముతో నెట్టుకొస్తే మనిషి దక్కేది కాదన్నారు. తిరిగొచ్చాక డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి చెప్పింది.

"నెలసరి ఉన్నన్నాళ్లూ ఆడవాళ్ల గుండెకు ఒంట్లోనే కొంత కాపుదల ఉంటుందమ్మా. ఆగాక అది తగ్గుతుంది. నడక ఎక్కువ కావలసింది అప్పుడే. మీరు సరిగ్గా అప్పుడే మానేశారు."



"మరి నేను నడిచిందంతా ఏమైపోయింది?" అని అడిగింది భద్రావతమ్మ, చిన్నపిల్లలా.

"ఆ రోజుల్లో మిమ్మల్ని కాచింది. ఆ రోజులతోనే అయిపోయింది."

మందులు వాడి, డాక్టరమ్మ సరేనన్నాక, ఒక పొద్దున భద్రావతమ్మే తోడికోడలి గుమ్మం ముందు నిలబడింది.

"తులశా, నీ అంత జోరుగా నడవలేను. నా పక్కనే ఉండు" అంది.

ఆమె అలా ఒకరిని అడగడం మా వీధి ఎన్నడూ వినలేదు. తులశమ్మ కళ్లు తుడుచుకుని చెప్పులేసుకుంది. ఇద్దరూ మెల్లగా వీధి చివరిదాకా వెళ్లి వచ్చారు.

నడక ఏడాదికి సరిపడా జాడీకెత్తే ఊరగాయ కాదు, ఏ పూటకాపూట వండుకోవలసిన అన్నం. ఆడవాళ్లు నెలసరి ఆగకముందూ నడవాలి, ఆగాక మరీ తప్పకుండా నడవాలి.