వెల్లుల్లి రొట్టెలో సగం

విశోకానంద స్వామిని ప్రశ్న అడగడమంటే కాళ్ళకు పని చెప్పుకోవడమేనని, పాలేటి ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమంలో అందరికీ తెలుసు. ఆయన నోటితో జవాబు చెప్పిన దాఖలా లేదు. దేవుడెక్కడున్నాడని అడిగిన ఒక పెద్దమనిషిని గొడ్లపాక కప్పమని పంపారట. ఆయన మూడు రోజులు పాకమీదే కూర్చుని తాటాకు కప్పి దిగివచ్చి, మళ్ళీ ఆ ప్రశ్న ఎత్తలేదు. జవాబు దొరికి ఎత్తలేదో, నడుం పట్టేసి ఎత్తలేదో ఆయనే చెప్పాలి. అందుకని అక్కడి శిష్యులు ప్రశ్నల విషయంలో బహు పొదుపరులు.

పశుపతి అయితే పద్నాలుగు నెలల్లో ఒక్క ప్రశ్నా అడగలేదు. హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైనవాడు, పిల్లలు లేరు. భార్య రమామణి పోయాక, కర్మకాండ ముగిసిన మర్నాడే ఇంటికి తాళం వేసి వచ్చి ఇక్కడ చేరాడు. ఇప్పుడు సోమవారం తెల్లవారితే అతనికి సన్యాస దీక్ష. గుడ్డ కావిరంగులో ముంచి ఆరేశారు కూడా. తల గొరిగించుకుని పాత పేరు ఏట్లో వదిలేస్తే ఇక వెనక్కి తిరిగి చూడనక్కర్లేదు. ఏడాదికి పైగా అతను కాచుకుని ఉన్నది అందుకే. అంతదాకా నోరు కట్టుకున్నవాడు ఆదివారం ఉదయం స్వామి కాళ్ళకు మొక్కి, ఆగలేక అడిగేశాడు.

"స్వామీ, నాలో ఇంకేమీ మిగల్లేదనుకుంటున్నాను. మనిషి నిజంగా సంసారంలోంచి బయటపడ్డాడనడానికి గుర్తేమిటి?"

స్వామి చేటలో తులసి విత్తనాలు చెరుగుతున్నారు. తలెత్తకుండానే అన్నారు. "పిల్లలు గార్లిక్ బ్రెడ్డు అంటుంటారే, అది మీ ఇంట్లో, నీ చేత్తో చేసి సగం నాకు పట్రా. కొని తేకు."

ఉల్లిపాయ కూడా గడప దాటని ఆశ్రమమది. పక్కనున్నవాళ్ళు సరిగా విన్నామా లేదా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పశుపతి సరిగానే విన్నాడు. ఆ రొట్టె సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. రమామణి కూడా ఎవరితోనూ అని ఉండదు, ఆవిడ అలాంటి మనిషి కాదు.

వాళ్ళది తాతలనాటి నుంచీ వెల్లుల్లి ఎరగని ఇల్లు. రమామణి ఎప్పుడో హైదరాబాదులో చెల్లెలింట్లో ఆ రొట్టె తిని, ఎలా చెయ్యాలో అడిగి రాసుకుని వచ్చింది. ఆవిడ పోవడానికి ఆర్నెల్ల ముందు ఒక ఆదివారం, బొమ్మల పోటీకి మార్కులు వెయ్యడానికి భర్త పొరుగూరు వెళ్ళాడని, కుక్కరు అడుగున ఇసుక పోసి, మూతకున్న రబ్బరు తీసేసి, అందులో రొట్టె కాల్చుకుంది. పోటీ వాయిదా పడి అతను మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. వాసన తగలగానే పూనకం వచ్చినవాడిలా వెళ్ళి, రొట్టెను పళ్ళెంతో సహా గోడవతల కుక్కలకు విసిరేశాడు. ఇల్లంతా పసుపునీళ్ళు చల్లాడు.  రాత్రికి ఆవిడ చారూ అన్నం ఎప్పటిలాగే వేడిగా వడ్డించింది. ఆచారం నిలబెట్టానని అతను మనసులో మీసం కూడా మెలేసుకున్నాడు. ఆవిడ పోయాక తెలిసింది, ఎంత ముష్టిపని చేశాడో. అప్పటినుంచీ ఏ కుక్క మొరిగినా అతనికి ఆ పళ్ళెం చప్పుడే వినిపిస్తుంది.

సొంతూళ్ళో బస్సు దిగి, కొట్లో మైదా, ఈస్టు, పాలు, వెన్న, కొత్తిమీర కొన్నాడు. వెల్లుల్లి కొనడం జన్మలో అదే మొదలు. ఎంత కావాలని కొట్టువాడు అడిగితే, ఎంత ఉంటే చాలో తెలియక గుప్పెడు చూపించాడు.

మూసిపెట్టిన ఇంటి వాసనకు సిద్ధపడే తాళం తీశాడు. ఆ వాసన లేదు. నట్టింట్లో వేలెడు దుమ్ముంది, మూలల్లో సాలెగూళ్ళున్నాయి. వంటింటి గడప అవతల రెండూ లేవు. గట్టు అప్పుడే తుడిచినట్టుంది. పశుపతి వెనక్కి తిరిగి దుమ్ములో తన అడుగుల గుర్తులు చూసుకున్నాడు. వాటి పక్కన ఇంకెవరి అడుగులూ లేవని తేల్చుకున్నాక లోపలికి వెళ్ళాడు.

తలుపు వెనక మేకుకు పాత క్యాలెండరు కాగితం గుచ్చి ఉంది. దాని వెనక వైపు పెన్సిలుతో రమామణి గుండ్రటి అక్షరాలు. మైదా రెండు గ్లాసులు. గోరువెచ్చని పాలలో ఈస్టు, కాస్త చక్కెర. పిండి కలిపి గంటసేపు కప్పి ఉంచాలి. వెన్నలో వెల్లుల్లి, కొత్తిమీర నూరి పూయాలి. అన్నిటికన్నా కింద, విడిగా, 'ఆయన ఊళ్ళో లేనప్పుడు' అని రాసి ఉంది. 

వండినదానికి వంకలు పెట్టడం ముప్పయ్యేళ్ళు చేశాడు గానీ, పిండి పిసకడం అతనికి కొత్త. పాలు ఎక్కువై మైదా జావలా వేళ్ళకు అంటుకుంది. గట్టిపడుతుందని ఇంకాస్త మైదా పోస్తే ఉండలు కట్టింది. చివరికి విసుగెత్తి, ఆ గిన్నె మీద తడిగుడ్డ పడేసి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. వసారా అరుగు మీద కూలబడితే కునుకు పట్టింది. లేచి వచ్చి గుడ్డ తీస్తే, పిండి గిన్నె అంచుదాకా పొంగి, పసిపిల్ల బుగ్గలా నున్నగా ఉంది. మధ్యలో మూడు వేళ్ళు నొక్కిన గుంటలు. చపాతీలకు పిండి కలిపినా సరే, పని ముగిసినట్టు రమామణి అలా మూడు వేళ్ళు ఆనించేది. తనే నొక్కి ఉంటానని సర్దిచెప్పుకుని, తన వేళ్ళు వాటిలో పెట్టి చూశాడు. పట్టలేదు.

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. పక్కింటి మేరమ్మ చర్చి నుంచి వస్తూ ఆగింది. మీరా మాస్టారూ, ఇల్లెవరికో అద్దెకిచ్చారనుకున్నానే అంది. ఎవరికీ ఇవ్వలేదని, తాళం తీయడం ఇవాళే మొదలని అతను చెప్పాడు. మేరమ్మ నమ్మలేదు. నా దగ్గర దాపరికమెందుకన్నట్టు నవ్వింది.

"ప్రతి ఆదివారం నేను గుడి నుంచొచ్చే యాళకి మీ ఇంట్లోంచి వెల్లుల్లీ వెన్నా కాగే వాసన కమ్మగా వస్తా ఉంటది. తలుపు కొడితే మాత్రం ఎవరూ తియ్యరు. ఇయ్యాల ఇంకా రాలేదేంటా అని ఆగాను."

ఆవిడకి ఏం చెప్పి పంపాడో పశుపతికే తెలియదు. వంటింట్లోకి వచ్చేసరికి, అతను పొట్లమైనా విప్పని వెల్లుల్లి గట్టు మీద ఒలిచి ఉంది. తెల్లటి రెబ్బలు ఒక పక్క, పొట్టంతా కాగితంలో మడిచి ఇంకో పక్క. ఒళ్ళు జలదరించింది. పారిపోదామనుకున్నాడు, కానీ స్వామి దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళలేడు. ఇంక చేసేదేం లేక, పీట వాల్చుకుని కూర్చుని ఆ రెబ్బలు రోట్లో వేసి నూరడం మొదలుపెట్టాడు.

నూరుతూ ఉండగా భయం ఎప్పుడు పోయిందో తెలియలేదు. అతనికి సంతోషంగా ఉంది. పద్నాలుగు నెలలు జపం చేసినా ఒక్కనాడూ మనసు అంత తేలికపడలేదు. వెనక ఎవరో నిలబడి, చెయ్యి తిరగని ఆ నూరుడు చూసి నవ్వుకుంటున్నట్టుంది. తిరిగి చూస్తే ఉండరేమోనని తిరగలేదు.

గూట్లోంచి కుక్కరు దించి చూస్తే అడుగున ఇసుక ఉంది, ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. దాన్ని గురించి ఆలోచించదలచుకోలేదు. రొట్టె ఎర్రగా కాలింది. చాకుతో గాట్లు పెట్టి, వెన్నా వెల్లుల్లీ పూసి, కాగితంలో రాసినట్టే మరికాసేపు ఉంచాడు. అరవయ్యేళ్ళు ముక్కు మూసుకున్న వాసన ఇల్లంతా నిండింది. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. అంత రుచిగా ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగిన ఒక్క మనిషి చేతిలో పళ్ళెం తనే లాక్కున్నాడు. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి. "బాగుంది రమా," అన్నాడు పైకే. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆవిడ వంటను బాగుందనడం అదే మొదలు.

సగం అరిటాకులో చుట్టాడు. మిగిలిన సగం పళ్ళెంలో పెట్టి, దాని మీద మూత పెట్టాడు. ఎవరి కోసమని తనను తాను అడగలేదు.

మన ఇళ్ళలో పోతున్నానని చెప్పి గడప దాటేవాళ్ళుండరు. పక్క వీధికి వెళ్ళినా, కాశీకి వెళ్ళినా అందరిదీ ఒకటే మాట. తెల్లవారితే సన్యాసి కాబోయేవాడికి ఆ మాటతో పని లేదు, ఖాళీ ఇంటికి అది చెప్పాల్సిన పని అసలే లేదు. అయినా తలుపు దగ్గరికి లాగుతుంటే, పశుపతి నోరు దాని అలవాటున అది అనేసింది.

"వెళ్ళొస్తా."

"మంచిదండీ. పొద్దుపోకముందే వచ్చెయ్యండి."

లోపలి నుంచి, వంటింటి వైపు నుంచి. ఆవిడ రోజూ అనే మాటే, అదే గొంతు. తాళం వెయ్యడానికి పశుపతికి చేతులు రాలేదు. గొళ్ళెం మాత్రం పెట్టి, వెనక్కి చూడకుండా బస్సు దాకా నడిచాడు. బస్సులో పక్కవాళ్ళు వాసనకు అటూ ఇటూ చూశారు. ఒళ్ళో పెట్టుకున్న అరిటాకు దారంతా పొయ్యి మీంచి ఇప్పుడే దించినట్టు కాలుతూనే ఉంది.

ఆశ్రమంలో ఇంకా దీపాలు పెట్టలేదు. స్వామి అరిటాకు విప్పగానే చుట్టూ ఉన్న శిష్యులు నాలుగడుగులు వెనక్కి జరిగారు. ఆయన ఒక ముక్క తుంచి, నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలి మింగారు. దీక్ష ఉన్నదో లేదో ఇక ఆ నోటి నుంచే రావాలి.  రొట్టె ఎలా కుదిరిందో స్వామి అనలేదు, ఎవరైనా సాయం చేశారా అని అడగలేదు. ఇంట్లోంచి వచ్చేటప్పుడు ఏమని చెప్పి వచ్చావని మాత్రం అడిగారు.

పశుపతి తలవంచుకుని తనన్న మాట చెప్పాడు. లోపలి నుంచి వచ్చిన మాట సంగతి చెప్పలేదు. చెబితే దీక్ష దక్కదేమోనని భయం, చెబితే ఆ గొంతు మళ్ళీ వినిపించదేమోనని అంతకన్నా భయం.

స్వామి మిగిలిన రొట్టెను తిరిగి అరిటాకులో చుట్టి, అతని రెండు చేతుల్లోనూ పెట్టారు.

"పొద్దుపోకముందే వెళ్ళు పశుపతీ. అక్కడ ఎదురుచూస్తుంటారు."