‘పాతదే’ అనే ఇల్లాలు

అనగనగా, మంచు కురిసే దూరదేశంలో, ఒక యూదుల ఊళ్ళో జల్మన్ అనే ఆయన ఉండేవాడు తల్లీ. పెళ్ళిళ్ళలో జనాన్ని నవ్వించడం ఆయన పని. ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఆయన పెళ్ళాం ఫ్రూమా మాత్రం నవ్వేది కాదు. ఇంట్లో ఆయన ఏ కొత్త హాస్యం చెప్పి చూసినా, వంటింట్లోంచే "అది పాతదే!" అనేది. ఆ దెప్పు వినపడితేగాని జల్మన్‌కి తృప్తి ఉండేది కాదు.

ఒకనాడు ఆ ఊరంటే గిట్టనివాళ్ళు గుర్రాల మీద వచ్చి ఇళ్ళు తగలబెట్టారు. వీళ్ళేం తప్పు చేశారంటావా? ఏమీ లేదమ్మా, యూదులు, అంతే. అప్పుడు జల్మన్ బూడిదలో నిలబడి, "ఇన్నాళ్ళూ మన మొర దేవుడికి చేరకుండా పైకప్పులు అడ్డొచ్చాయి. ఇక వినపడలేదనడానికి లేదు" అన్నాడు. అందరూ ఏడుస్తూనే నవ్వారు. "పాతదే" అంది ఫ్రూమా, మసిగిన్నెలు ఏరుకుంటూ.

ఆ తర్వాత ఇళ్ళు కట్టుకున్నారు. మళ్ళీ తగలబెట్టారు పాపిష్టివాళ్ళు. "వినపడింది గానీ, మన యాస ఆయనకి అర్థమైనట్టు లేదు" అన్నాడు జల్మన్. "ఇదీ పాతదే" అంది ఫ్రూమా.

మూడోసారి పెట్టిన మంటల్లో ఫ్రూమా పోయింది.

వాళ్ళలో ఒక ఆచారం ఉంది. మనిషి పోతే ఏడు రోజులు నేల మీద కూర్చుంటారు. పలకరించడానికి వెళ్ళినవాళ్ళు ముందుగా నోరు విప్పకూడదు. దుఃఖంలో ఉన్నవాళ్ళే మొదట మాట్లాడాలి.

మొదటిరోజు ఊరంతా వచ్చి కూర్చుంది. జల్మన్ మాట్లాడలేదు. రెండోరోజూ అంతే. నోరే బతుకైన మనిషి అలా మూగబోతే ఎలా చూడగలం చెప్పు? ఓదారుద్దామంటే ఆచారం ఒప్పుకోదు. ఇలాగే ఉంటే ఈ మనిషీ మనకి దక్కడని భయపడ్డారు.

మూడోరోజు సాయంత్రం జల్మన్ తలెత్తాడు. "ఏడు రోజులు ఏడిస్తే చాలన్నాడు దేవుడు. ఆయనకేం తెలుసు, పెళ్ళాం లేని మనిషి!" అన్నాడు. వాళ్ళ దేవుడు ఒంటివాడులే, మన దేవుళ్ళలా కాదు.

అందరూ ఘొల్లున నవ్వారు. హమ్మయ్య, దక్కాడనుకున్నారు. జల్మన్ మాత్రం సగం కాలిన వంటింటి వైపు చెవి ఒగ్గి కూర్చున్నాడు. అక్కణ్ణుంచి ఏ మాటా రాలేదు. అప్పుడు తెలిసొచ్చింది ఆయనకి, ఫ్రూమా ఇక లేదని. నేల మీద పడి, పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ తర్వాత కూడా పెళ్ళిళ్ళకి వెళ్ళాడు, నవ్వించాడు. ఏం మాట చెప్పినా, చివర కాసేపు ఆగేవాడు. తాము నవ్వడం కోసం ఆగాడని జనం అనుకునేవారు.

నవ్వు మిగిలింది ఊరికి, ‘పాతదే’ అనే మాట పోయింది మంటకి. కథ కంచికి తల్లీ, మనం మనింటికి.