తిరిగి తిరిగి వచ్చిన చిల్లుకాణీ

ఒసేయ్, ఆ మొలతాడు పట్టి లాగకు, తెగుతుంది! పడుకుని ఊఁ కొట్టు, చెబుతాను. ఊఁ కొట్టకపోతే కథా లేదు, గిథా లేదు.

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో మరిడమ్మ, నూకాలు అని అక్కాచెల్లెళ్ళు. వాళ్ళమ్మ చిన్నదాని మొలతాడుకి ఒక చిల్లుకాణీ కట్టింది. పెద్దదానికి కుదురెక్కడిదీ! చిల్లు పెద్దది చేస్తానని మేకు పెట్టి కొట్టింది. అంచు కాస్తా విరిగింది, దాని వీపు మోగింది.

ఆ తర్వాత వాళ్ళమ్మ పోయింది. అక్కని మేనమామ తీసుకెళ్ళాడు, చెల్లిని పెద్దమ్మ తీసుకెళ్ళింది. పెద్దమ్మ వాళ్ళు పని దొరికిన ఊరికల్లా మారుతూ, చివరికి అయిపూ అజా లేకుండా పోయారు. మరిడమ్మ పెద్దదై సంతల్లో మరమరాలు అమ్ముకునేది. చెల్లి గుర్తొస్తే చాలు, పాపం, ముద్ద దిగేది కాదు.

ఒక సంతరోజు చిల్లర సంచీ కుమ్మరిస్తే, రూపాయి బిళ్ళల మధ్య ఒక చిల్లుకాణీ! ఏనాడో చెల్లుబాటు పోయిన కాణీ. ఎవరు అంటగట్టారా అని తిప్పి చూసింది. అంచు విరిగి ఉంది. ఇంక మరిడమ్మ మరమరాల గంప అక్కడే వదిలేసింది.

అప్పుడు, ఆ పూట చిల్లర ఇచ్చిన వంకాయలావిడ దగ్గరికి పరిగెత్తింది. "నేనివ్వలేదమ్మోయ్!" అందావిడ. "మార్చుకోడానికి రాలేదు తల్లీ, నీకెవరిచ్చారో చెప్పు చాలు" అంటే గాజులాయన్ని చూపించింది. ఆయనా ముందు బుకాయించాడు. ఆ తర్వాత, రేవు దగ్గర అట్లు పోసే ఆవిడ ఇచ్చిందన్నాడు.

రేవులో అట్లావిడ కాణీ చూసి ఉసూరుమంది. "మళ్ళీ వచ్చేసిందా! ఇటివ్వమ్మా, మంచి బిళ్ళ ఇస్తాను."

"ఇది చెల్లదని తెలిసే జనానికిస్తున్నావా?"

"మా అక్క ఎక్కడుందో తెలీదమ్మా. చేతులు మారి మారి ఎప్పటికైనా దాని చేతిలో పడుతుందని చిల్లరలో కలిపి ఇస్తాను. చెల్లదని ప్రతిసారీ ఎవరో ఒకరు తెచ్చి నా మొహాన కొడతారు."

మరిడమ్మ కాణీ ఇవ్వలేదు. "నేను మార్చుకోడానికి రాలేదే, నూకాలూ. ఈ అంచు విరగ్గొట్టింది నేనే" అంది.

పెనం మీద అట్టు మాడిపోయింది. తియ్యడానికి ఇద్దరికీ చేతులు ఖాళీ లేవు.

ఆ మరిడమ్మ మా అమ్మేనే. ఉంటే నిన్నెంత ముద్దు చేసేదో! ఏదీ, నీ మొలతాడు కాణీని చూపుడువేలు పెట్టి తడిమి చూడు. అంచు విరిగి లేదూ?

కథేమో కంచికి,
కాణీ నీ మొలకి,
నువ్వేమో నిద్దరకి,
నేను నీ పక్కకి.