వదిలేసిన ఒక్క మాట

షరీఫ్ మాస్టారు ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు. పని అప్పగిస్తారు.

నెట్‌వర్కింగ్ ప్రాక్టికల్ పరీక్ష రెండుసార్లు తప్పిన మా అమ్మాయి హరిణి ఆ రోజు ఆయన్ని నిలదీసింది. "కళ్ళు మూసుకుని చేసేస్తాను సార్. వందసార్లు చేశాను. పరీక్షలో ఎందుకు పోతోంది?"

ఆయన ప్రాక్టీసు స్విచ్చి కాకుండా, ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్లనీ వైఫైనీ కలిపి నడిపే స్విచ్చి పెట్టె చూపించారు. "దీంట్లో కొత్త లైను ఒకటి చేర్చు."

"అంతేనా?"

"ముందు ఏమేం ఉన్నాయో చూస్తావా?"

"రోజూ చేసేదే కదా సార్!"

ఆయన పక్కకి జరిగారు.

హరిణికి క్యారేజీ తెచ్చి నేను ముందు గదిలో కూర్చున్నాను. అది సెల్లారు, ఫోనుకి సిగ్నల్ అందదు. వాళ్ళ వైఫై మీదే, నరసరావుపేట ఆసుపత్రిలో ఉన్న మా అమ్మని వీడియోలో చూస్తున్నాను. అటు ఫోను మా చెల్లెలు పట్టుకుంది. మూడు రోజుల తర్వాత అమ్మ నోరు విప్పింది. "భ్రమరా, పిల్లకి చెప్పవే..." అంది.

అక్కడే బొమ్మ ఆగిపోయింది.

లోపల జరిగింది తర్వాత తెలిసింది. ఉన్న లైన్లకి ఇంకొకటి కలపాలంటే కమాండ్‌లో 'యాడ్' అన్న మాట కొట్టాలట. కొట్టకపోతే పాతవన్నీ పోయి కొత్తదొక్కటే మిగులుతుంది. ప్రాక్టీసు స్విచ్చిలో పాతవేవీ ఉండవు. ఆ మాట లేకపోయినా పని అయిపోతుంది. హరిణి వేళ్ళు దానికే అలవాటు పడ్డాయి. "అయిపోయింది సార్" అని కూడా అందట.

పాతవేవో చూడలేదు గనక తిరిగి పెట్టడం దానికి చేతకాలేదు. మాస్టారే పాత లైన్లు రాసుకున్న కాగితాలు వెతికి మళ్ళీ పెట్టారు. పదకొండు నిమిషాలు.

సిగ్నల్ కోసం నేను మెట్లెక్కి రోడ్డు మీదకి వెళ్ళగలిగేదాన్నే. వెళ్ళలేదు. ఆసుపత్రి నుంచి బొమ్మ రోజూ ఆగేది, రోజూ మళ్ళీ వచ్చేది.

ఈసారి వచ్చినప్పుడు చెల్లెలి ఏడుపే వినిపించింది.

హరిణి గోడకి చేరగిలబడి అదే పనిగా అంటోంది. "ఒక్క మాట సార్. ఒక్క మాటే వదిలేశాను."

మాస్టారు నా దగ్గరికి వచ్చారు. "ఆఫీసు కంప్యూటర్లే ఆగుతాయనుకున్నానమ్మా" అన్నారు నాతో. తర్వాత హరిణి వైపు తిరిగారు.

"నువ్వు వందసార్లు చేసిన స్విచ్చి మీద ఎవరూ లేరు తల్లీ. నేను నేర్పిందీ దాని మీదే."