కుందేళ్లు వచ్చిన దారి

హేమగిరిని ఏలే విజయపాల మహారాజు ఒకనాడు నిండు సభలో కుందేళ్ల మీద యుద్ధం ప్రకటించాడు.

సభలో ఎవరూ నవ్వలేదు. కారణం అందరికీ తెలుసు. మహారాణి రత్నాంబకు వేవిళ్లు. వంటశాలలో ఏం వండినా ఆ వాసనకే కడుపులో తిప్పుతోంది. ఆవిడ నోటికి సహిస్తున్నవల్లా తన పెరటి తోటలో తానే పెంచుకున్న కూరలే. లేత తోటకూర వేపుడు, ముల్లంగి ఆకు పప్పు. ఇప్పుడా తోట మీద వాగు అవతలి కుందేళ్లు పడ్డాయి. తెల్లారేసరికి మళ్లలో మోళ్లు తప్ప ఏమీ మిగలడం లేదు. రాణి రోజురోజుకీ చిక్కిపోతోంది.

సేనాపతి రణధీరుడు లేచి నిలబడ్డాడు. యుద్ధాల్లో గెలిచినవాడు. ఆ సంగతి రోజూ ఎవరో ఒకరికి చెప్పందే అన్నం సహించనివాడు.

"దీనికింత ఆలోచనెందుకు ప్రభూ. తవుడులో విషం కలిపి మళ్లలో చల్లిస్తాను. రేపటికి ఒక్కటీ మిగలదు."

"ఆ మళ్లలో ఆకే నా కంచంలోకి వస్తుంది సేనాపతి గారూ," అంది రాణి తెర వెనుక నుంచి. "పైగా కడుపుతో ఉన్నాను. నా పెరట్లో ఏ ప్రాణీ చావడానికి వీల్లేదు."

సేనాపతి వెనక్కి తగ్గలేదు. తోట చుట్టూ సైనికుల్ని నిలబెట్టి డప్పులు కొట్టించాడు. కుందేళ్లు రాలేదు, నిజమే. కానీ అటూ ఇటూ పరుగెత్తి సైనికులే బీరపాదులన్నీ తొక్కేశారు. డప్పుల మోతకు రాణికి కంటి మీద కునుకు లేదు. డప్పులు ఆపిన మర్నాడే కుందేళ్లు మళ్లీ దిగాయి.

రాజు విసిగిపోయి కొమ్మన వైపు చూశాడు. కొమ్మన ఆస్థానంలో హాస్యగాడు. మాటకు మాట తడుముకోకుండా చెప్పే మనిషి.

"నీకేమైనా తోస్తోందా కొమ్మనా?"

"తోస్తోంది ప్రభూ. కొంచెం వెదురు ఇప్పించండి."

సేనాపతికి ఒళ్లు మండింది. "నా సైన్యం వల్ల కానిది నీ వెదురు వల్ల అవుతుందా? తోటలో ఒక్క కుందేలు కనబడినా ఆస్థానం వదిలి పోతావా?"

"పోతాను," అన్నాడు కొమ్మన.

మేదరుల్ని పిలిపించి నడుమెత్తు దడి అల్లించాడు. తోట చుట్టూ మోకాలి లోతు కందకం తీయించి, దడి అడుగును అందులోకి దించి, రెండు పక్కలా రాళ్లు కూరించి మట్టి కప్పించాడు. వాగు అవతల పశువుల మేతకు వేసే పిల్లిపెసర చల్లించాడు.

"అదెందుకు?" అనడిగాడు రాజు.

"వాటికీ ఆకలేస్తుంది కదా ప్రభూ. అక్కడే కడుపు నిండితే వాగు దాటి రావడానికి బద్ధకిస్తాయి."

సేనాపతి దడిని చూసి పకపకా నవ్వాడు. "ఇదా నీ కోట? నేనైతే ఒక్క గెంతులో దాటేస్తాను."

"మీ కోసం కట్టింది కాదులెండి. మీరు పచ్చి ముల్లంగి తినరుగా."

చుట్టూ ఉన్నవాళ్లు మూతులు బిగించుకున్నారు. కొమ్మన మళ్లీ అన్నాడు, "ఒక్క మనవి. దడి ద్వారం దగ్గర కాపలా మాత్రం మీ మనుషులదే ఉండాలి. రేపు నన్నెవరూ అనుమానించకూడదు."

సేనాపతి సంతోషంగా ఒప్పుకున్నాడు.

తోట మళ్లీ చిగిర్చింది. రాణి తోటకూరతో కడుపునిండా అన్నం తిని హాయిగా నిద్రపోయింది. సైన్యం చేయలేని పని బుట్టలల్లే వెదురు చేసిందని ఊరంతా చెప్పుకోసాగారు. ఆ మాట సేనాపతి చెవిన కూడా పడింది.

ఒక ఉదయం అతను సభకు పరుగున వచ్చాడు. "ప్రభూ, తమరే వచ్చి చూడాలి."

అందరూ తోటకు వెళ్లారు. దడి లోపల కుందేళ్లు తీరిగ్గా తోటకూర నములుతున్నాయి. అరుగు మీద నిలబడిన రాణి ముఖం వాడిపోయింది. రాజు కొమ్మన వైపు చూశాడు.

కొమ్మన దడి చుట్టూ ఒకసారి తిరిగాడు. అడుగున మట్టి నొక్కి చూశాడు. తిరిగి వచ్చేసరికి అతని ముఖం తేటపడింది.

"ఇవి లోపలికి ఎలా వచ్చాయంటారు సేనాపతి గారూ?"

"ఎలా ఏముంది. కొన్ని కింద నుంచి దూరాయి, కొన్ని పైనుంచి గెంతాయి."

"ద్వారంలోంచి రాలేదు కదా?"

"నా మనుషులు కాపలా ఉండగానా? చీమ కూడా దూరదు."

కొమ్మన రాజుకు చేతులు జోడించాడు. "అయితే వీటిని మనం పట్టనక్కర్లేదు, కొట్టనక్కర్లేదు ప్రభూ. ద్వారం మూయించి చప్పట్లు కొడదాం.

వచ్చిన దారినే పోతాయి."

రాజు చప్పట్లు కొట్టాడు. కుందేళ్లు బెదిరి దడి వైపు దూకాయి. గీరితే రాళ్లు తగిలాయి. గెంతితే అందక కిందపడ్డాయి. తోట చుట్టూ తిరిగి తిరిగి, చివరికి అన్నీ ద్వారం దగ్గర గుంపుగా చేరి తలుపు కేసి చూస్తూ కూర్చున్నాయి.

"రణధీరా," అన్నాడు రాజు మెల్లగా, "వీటికి నీ కాపలావాళ్లతో పాత పరిచయం ఉన్నట్టుందే."

కాపలావాడు రాజు కాళ్ల మీద పడ్డాడు. "గోనెలో తెచ్చి వదలమని సేనాపతి గారే చెప్పారు ప్రభూ."

రాజు ముఖం ఎర్రబడింది. ఆయన నోరు తెరిచేలోగా కొమ్మన అడ్డు వచ్చాడు.

"ఆయన్నేమీ అనకండి ప్రభూ. నా దడిని ఇన్నాళ్లూ బయటి నుంచే పరీక్షించాం.

సేనాపతి గారు దయతలచి లోపలి నుంచి కూడా పరీక్షించి పెట్టారు."

ముందుగా నవ్వింది రాణి. ఎన్నాళ్లకో విన్న ఆ నవ్వుకు రాజు కోపం కరిగిపోయింది. ఆయనా నవ్వాడు. ఒక్క కుందేలుకూ దెబ్బ తగలకుండా, ఒక్క మొక్కా నలగకుండా అన్నిటినీ స్వయంగా పట్టి వాగు దాటించమని సేనాపతికి ఆజ్ఞ ఇచ్చాడు. ఆనపపాదు కింద బోర్లా పడుకుని సేనాపతి కుందేలు కోసం చెయ్యి చాచుతుంటే, రాజు నవ్వుతూనే తన మెడలోని ముత్యాల హారం తీసి కొమ్మన మెడలో వేశాడు.